టీబీ క్రిమి కట్టుకున్న గోడ

సాయంత్రమైతే సన్నటి జ్వరం, తెల్లవారుజామున బనియన్ పిండుకునేంత చెమట, ఎంతకీ వదలని దగ్గు. ముందు పెన్సిలిన్ జాతి మందు అమాక్సిసిలిన్ వాడాను. కోర్సు అయిపోయింది గానీ దగ్గు పోలేదు. ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఆ సంగతి తెలిసి ల్యాబ్ టెక్నీషియన్ "ఒకసారి చూస్తారా సార్?" అని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచాడు. స్లైడ్ మీద ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా వేడి చేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగి, ఆపైన నీలం రంగు వేస్తారు. ఆమ్లం తగలగానే మిగతావన్నీ ఎరుపు వదిలేసి తర్వాత నీలం పట్టుకున్నాయి. ఆ నీలంలో అక్కడక్కడా సన్నటి ఎర్ర కడ్డీలు, కొన్ని కాస్త వంకర తిరిగి. అవి నా ఊపిరితిత్తుల్లోంచి వచ్చినవి. భయం వేసింది, అయినా కళ్లు తీయలేకపోయాను.

ఆమ్లానికి కూడా లొంగని ఆ గుణం టీబీ క్రిమి గోడది. చాలా బ్యాక్టీరియాలకు పెప్టిడోగ్లైకానే ప్రధాన గోడ: చక్కెర గొలుసులు, వాటిని కలిపే చిన్న పెప్టైడ్ బంధాలు. పెన్సిలిన్ జాతి మందులు ఆ బంధాలు పడకుండా అడ్డుకుంటాయి. టీబీ క్రిమి మాత్రం పెప్టిడోగ్లైకాన్ మీద అరబినోగెలాక్టాన్ అనే ఇంకో చక్కెర పొర వేసి, దానికి మైకోలిక్ ఆమ్లాలు తగిలించుకుంటుంది. క్లాసులో నేను చెప్పే స్టియరిక్ ఆమ్లంలో ఉండేది 18 కార్బన్లు. మైకోలిక్ ఆమ్లంలో 60 నుంచి 90 దాకా ఉంటాయి! మైనం లాంటి ఆ పొర దాటి మందు లోపలికి వెళ్లడమే కష్టం. దాటినా, పెన్సిలిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైమ్ కూడా దాని దగ్గరుంది.

నాకిచ్చిన మాత్రలో నాలుగు మందులు. ఐసోనియాజిడ్ మైకోలిక్ ఆమ్లాల తయారీని ఆపుతుంది, ఇథాంబ్యుటాల్ అరబినోగెలాక్టాన్‌ను కట్టనివ్వదు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వచ్చేది. పైరజినమైడ్ రోజుల్లో కీళ్ల నొప్పులు, పొద్దున్నే వికారం. ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయొచ్చని రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో అడిగేవారు.

రెండో నెలకి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకురా ఆ మాత్రలు? ఒంటికి వేడి" అని అమ్మ రోజూ అనేది. కానీ పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెట్టింపైతే టీబీ క్రిమి దాదాపు 20 గంటలు తీసుకుంటుంది. కొన్నైతే పెరగకుండా నిద్రలో ఉంటాయి. గోడ కట్టే పనే లేనప్పుడు గోడను దెబ్బతీసే మందు వాటినేం చేస్తుంది? అలాంటి వాటి కోసమే రిఫాంపిసిన్ నెలల తరబడి పడాలి. "క్రిములు ఇంకా లోపల పడుకుని ఉన్నాయమ్మా" అన్నాక, మాత్ర వేళకు నీళ్ల గ్లాసు తనే తెచ్చి నిలబడేది.

ఆరు నెలల కోర్సు పూర్తయ్యాక కఫం పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఎక్స్‌రేలో కుడివైపు పైన ఒక మచ్చ మిగిలింది. అది మానిన గాయం గుర్తేనని, మందు అక్కర్లేదని డాక్టరు గారు చెప్పారు.