తోడు

మా నాన్న షిఫ్టులు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ఏ షిఫ్ట్ పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు, బీ షిఫ్ట్ రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్ట్ పది నుంచి తెల్లవారి ఆరు. ఎక్కాల కంటే ముందు అవే నేర్చుకున్నాం నేనూ తమ్ముడూ. గాజువాకలో రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు గచ్చు. ఆ గచ్చు మీద స్కూటర్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో చెప్పేసేవాళ్ళం. ఒక్క ఊపులో స్టాండు పడితే ఫరవాలేదు. రెండోసారికి పడితే పుస్తకాలు మూసి దుప్పట్లో దూరాలి. మూడోసారికీ పడలేదంటే దుప్పటి కూడా పనిచెయ్యదు.

అన్నిటికన్నా సీ షిఫ్ట్ వారం కష్టం. పగలంతా ఆయన పడుకునేవాడు. ఇంట్లో గ్లాసు కింద పెట్టినా చప్పుడు రాకూడదు. విజిల్ వస్తుందని అమ్మ కుక్కర్ ముట్టుకోకుండా గిన్నెలో అన్నం వండి వార్చేది. వేసవి సెలవుల్లో ఆ వారం వచ్చిందంటే మేమిద్దరం వీధి చివర బాదం చెట్టు కింద పొద్దుగూకేదాకా గడిపేవాళ్ళం. అందరూ మేం ఆటపిచ్చి పిల్లలమనుకునేవారు.

కొట్టడం గురించి వివరంగా రాయను. గోడకి ఒక మేకు, మేకుకి ఒక బెల్టు. అంతవరకు చాలు. దెబ్బ కంటే నన్ను ఎక్కువ తినేసింది ఏమిటంటే, అది ఎందుకు పడుతుందో తెలియకపోవడం. లెక్కల్లో అరవై వస్తే ఒక రోజు తల నిమిరి జీళ్ళు కొనిచ్చేవాడు, ఇంకో రోజు అదే అరవైకి బెల్టు తీసేవాడు. కారణం తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. తెలియనప్పుడు ఇరవై నాలుగు గంటలూ చెవులు రిక్కించి ఉండడమే.

తెల్లారాక అమ్మ గుడ్డలో ఉప్పు మూటకట్టి పెనం మీద వేడిచేసి కాపడం పెట్టేది. "స్కూల్లో అడిగితే మెట్ల మీద పడ్డానని చెప్పు తల్లీ" అనేది. మా ఇంటికి మెట్లే లేవు. ఆ సంగతి ఒకసారి ఇంటికొచ్చిన మా టీచరు చూసింది కూడా. ఏమీ అనలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని క్లాసులో మాకు చెప్పిన టీచరే ఆవిడ.

ఊరుకోకుండా ఏదైనా చేసిన మనిషి ఒక్కతే, మా పక్కింటి పెద్దమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇల్లు వాళ్ళది. మా ఇంట్లో అరుపులు మొదలైన కాసేపటికి ఆవిడ చేతిలో చిన్న స్టీలు గిన్నెతో గుమ్మంలో నిలబడేది. రాత్రి పదిన్నర, పదకొండు. "ఓలమ్మీ, పాలు చల్లారిపోతన్నాయి, తోడు నేదు. రవ్వంత ఎయ్యవే" అని మా అమ్మని కేకేసేది. అమ్మ కళ్ళు తుడుచుకుని పెరుగు గిన్నె వెతికేది. ఈలోగా పెద్దమ్మ నాన్నని ఏదో ఒకటి అడిగేది: డ్యూటీ ఎలాగుంది బాబూ, ఈసారి బోనస్ ఎంతిస్తారట బాబూ. పరాయి ఆడమనిషి ముందు బెల్టు పట్టుకుని నిలబడలేక ఆయన దాన్ని మేకుకి తగిలించి స్నానానికి వెళ్ళిపోయేవాడు. "ఆవిడింట్లో పాలు ఎప్పుడూ తోడుకోవా ఏం?" అని విసుక్కునేవాడు. నేనూ అదే అనుకున్నాను, పాపం మతిమరుపు మనిషని. నేను ఇంటర్‌లో ఉండగా ఆవిడ పోయింది.

తర్వాత పదేళ్ళు తొందరగా చెప్పేస్తాను. బీకాం చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, మద్దిలపాలెంలో మూడో అంతస్తులో అద్దెకి దిగాం, పాప పుట్టింది. నా భర్త గొంతు పెంచని మనిషి. అదీ నాకు భయంగానే ఉండేది. మాట్లాడకుండా ఉన్నాడంటే లోపల ఏదో కూడబెట్టుకుంటున్నాడని అనిపించేది. ఆయన నిజానికి క్రికెట్ స్కోరు గురించి ఆలోచిస్తూ ఉండేవారు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్ళెవరికీ ఆ తేదీ మళ్ళీ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను నేరుగా మా మీదే తీరం దాటింది. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పేలిపోతుంటే మూడేళ్ళ పాపని ఒళ్ళో పెట్టుకుని బాత్రూంలో కూర్చున్నాను. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. పై అంతస్తు వాళ్ళు, కింద అంతస్తు వాళ్ళు హమ్మయ్య అని బయటికి వచ్చేశారు. నేను మా వారి చొక్కా పట్టుకుని లాగాను. "వెళ్ళొద్దు, అయిపోలేదు." తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్తోందని నాకేం తెలుసు? మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని నమ్మకూడదని మాత్రం తెలుసు. కాసేపటికి రెండో దిక్కు నుంచి గాలి మొదలైంది.

ఆ రోజూ, తర్వాత కరెంటు లేని రోజుల్లోనూ నేను చాలా ధైర్యంగా ఉన్నాను. నీళ్ళు మోశాను, పాల ప్యాకెట్ల క్యూలో నిలబడ్డాను, ఏడుస్తున్న వాళ్ళకి నచ్చజెప్పాను. అపార్ట్‌మెంట్ అంతా మెచ్చుకున్నారు. కరెంటు వచ్చి, అద్దాలు బిగించి, ఊరు మామూలయ్యాక నేను పడిపోయాను.

రాత్రి పదిన్నర అయ్యేసరికి మెలకువ వచ్చేసేది. గుండె దడదడ, చేతులు చల్లగా మంచుగడ్డలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. వీధిలో ఎవరు బండి స్టాండు వేసినా నేను మంచం మీద లేచి కూర్చునేదాన్ని. చచ్చిపోతున్నానేమో అనిపించేది. ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది. గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. మా అత్తగారు దిష్టి తీశారు, సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నారు. తప్పు పట్టను, ఆ రోజుల్లో నా పక్కన కూర్చున్నది ఆవిడే.

ఒక సాయంత్రం పాప పాలగ్లాసు ఒలకబోసింది. నా చెయ్యి లేచింది. పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. అలా ముడుచుకోవడం దానికెలా తెలుసు? అంతకుముందు ఒకసారి కొట్టాను కాబట్టి. అబద్ధం, రెండుసార్లు. ఆ రాత్రి మా వారితో చెప్పాను, "నన్ను చినవాల్తేరు తీసుకెళ్ళండి" అని. మా ఊళ్ళో ఆ మాట తిట్టుగా వాడతారు. ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడే ఉంది. స్నేహితులు ఒకళ్ళనొకళ్ళు "నిన్ను చినవాల్తేరులో చేర్పించాలిరా" అని ఏడిపించుకుంటారు. నేను ఓపీ చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే నా పక్కన ఒక బ్యాంకు ఉద్యోగి, చేపలమ్ముకునే ఆవిడ, ఇంజనీరింగ్ కుర్రాడు. కుర్రాడు ఫోన్లో సినిమా చూసుకుంటున్నాడు. నా కూతురికి జలుబు చేసినప్పుడు కూర్చునే బెంచీకీ దీనికీ తేడా కనిపించలేదు.

డాక్టరుగారు అడిగారు, "చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేదమ్మా?"

"బాగానే ఉండేదండీ. నాన్న కొంచెం స్ట్రిక్ట్."

"కొంచెం అంటే?"

నాకు ముప్ఫై ఏళ్ళు. ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ రోజు పడనిచ్చాను.

జబ్బు పేరు పీటీఎస్డీ, అంటే ఎప్పుడో తిన్న దెబ్బ తాలూకు భయం ఏళ్ళు గడిచినా మనిషిని వదలకపోవడం. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకే వస్తుందని నేను అనుకునేదాన్ని. ఏళ్ళ తరబడి, తప్పించుకునే దారి లేనిచోట దెబ్బలు తిన్నవాళ్ళలో వచ్చే రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో కాంప్లెక్స్ పీటీఎస్డీ అని విడిగా చోటిచ్చారు. ఆ సంగతి తర్వాత చదివాను. డాక్టరుగారు నాకు అర్థమయ్యేలా చెప్పింది వేరు. మెదడులో అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంటుందట, ప్రమాదం వస్తే గంట కొట్టడం దాని పని. చిన్నప్పుడు రోజూ ఆ గంట మోగిన ఇంట్లో పెరిగితే అది చిన్న చప్పుడుకే మోగడం నేర్చుకుంటుంది. "మీ చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయమ్మా" అన్నారు. నా చెవులది కూడా షిఫ్ట్ డ్యూటీయే, కాకపోతే మూడు షిఫ్టులూ.

సెర్ట్రలిన్ అనే మాత్ర 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచారు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ముందే చెప్పారు. మొదటి పది రోజులు వికారం, నోటికి ఏదీ సయించలేదు. నాలుగో నెలలో తగ్గిపోయిందనుకుని నా అంతట నేనే మానేశాను. నాలుగు రోజులు బుర్రలో చిన్న చిన్న కరెంటు షాకులు కొట్టినట్టు, కళ్ళు తిరగడం. చీవాట్లు తిని మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి ఏడాదిన్నర తర్వాత వాళ్ళు చెప్పినట్టే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపాను. మాత్ర వల్ల నేను మారిపోలేదు, నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక కౌన్సెలింగ్‌లో చెప్పేది బుర్రకెక్కింది.

కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్తారనుకున్నాను. సైకాలజిస్టు హోంవర్క్ ఇచ్చింది. భయాలన్నిటికీ సున్నా నుంచి వంద దాకా మార్కులు వేసి మెట్లలా రాయమంది. కుక్కర్ విజిల్ ఇరవై. మగవాళ్ళు గట్టిగా మాట్లాడడం యాభై. స్కూటర్ స్టాండు తొంభై అయిదు. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి నెలల తరబడి ఎక్కుతూ పోయాం. తొంభై అయిదుకి వచ్చేసరికి అసలు సమస్య: ఆ పాత స్కూటర్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? మా వారు ఊరంతా తిరిగి కంచరపాలెంలో ఒక మెకానిక్ దగ్గర పట్టుకున్నారు. టీ తాగించి, "ఊరికే స్టాండు వేస్తూ తీస్తూ ఉండు బాబూ, రికార్డ్ చేసుకుంటాను" అంటే అతను ఈయన్ని ఎగాదిగా చూశాడట. ఈయన్ని తీసుకెళ్ళాలి చినవాల్తేరుకి అనుకుని ఉంటాడు. ఆ రికార్డింగ్ మొదటిసారి విన్నప్పుడు వాంతి చేసుకున్నాను. నలభైయో, యాభైయోసారి వింటూ ఉండగా పాప వచ్చి "అమ్మా, ఈ పాట బాలేదు" అంది. అప్పుడు నవ్వొచ్చింది.

నాన్నకి 2019లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. "దేవుడు చూశాడే అక్కా" అన్నాడు తమ్ముడు. నాకా మాట నచ్చలేదు. అందులో దేవుడి కంటే బీపీ హస్తమే ఎక్కువ. మందులకి నెలనెలా డబ్బు పంపిస్తాను. రెండు నెలలకొకసారి వెళ్ళి, గుమ్మానికి దగ్గరగా కుర్చీ వేసుకుని గంట కూర్చుని వచ్చేస్తాను. ఒక్కదాన్ని వెళ్ళను.

చుట్టాలకి ఇది చాలలేదు. "ఎంతైనా కన్నతండ్రి, మనసులో పెట్టుకోకే, క్షమించేస్తే నీకే మంచిది" అంటారు పిన్ని. అదేదో కషాయం అన్నట్టు. నా వైద్యంలో అలాంటి మందు ఎవరూ రాయలేదు. క్షమించకుండానే నాకు నిద్ర పడుతోంది. ఒక్కసారి మాత్రం అడిగాను ఆయన్ని, ఎందుకు నాన్నా అని. మాట ఇంకా తడబడుతోంది, అయినా స్పష్టంగానే చెప్పాడు: "అప్పట్లో అందరూ కొట్టేవారు." అది నిజమేనని ఒప్పుకోవాలి. 2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. ఇళ్ళల్లో కొట్టింది ఎక్కువగా తల్లిదండ్రులే. అందరికీ మలేరియా వచ్చినంత మాత్రాన అది జ్వరం కాకుండా పోదు కదా.

అమ్మ మీద కోపం ఎక్కువ కాలం ఉంది. ఇప్పుడూ కొంత ఉంది. ఓ రోజు ఆవకాయ కలుపుతూ ఉన్నట్టుండి అంది, "ఆ పక్కింటావిడ ఎప్పుడూ తోడు లేదని అడగడానికి వచ్చేది, గుర్తుందా? వాళ్ళింట్లో గేదె ఉండేది." నేను కారం చేత్తోనే కూర్చుండిపోయాను. గేదె ఉన్న ఇంట్లో పెరుగు లేకపోవడమేమిటి? ఇరవై ఏళ్ళకి తెలిసింది నాకు.

మొన్న వేసవిలో మా కింది ఫ్లాట్‌లోకి ఒక కుటుంబం వచ్చింది. ఏడెనిమిదేళ్ళ బాబు. ఒక రాత్రి పదకొండు కావస్తుండగా కింద నుంచి ఏదో పడిన చప్పుడు, మగ గొంతు, పిల్లాడి ఏడుపు. నా గుండె దడదడలాడింది, అది పూర్తిగా పోలేదు. పదో తరగతికి దగ్గరపడుతున్న నా కూతురు పుస్తకం మూసి నా వైపు చూసింది. "అమ్మా, కింద ఆ బాబు..."

పిల్లల హెల్ప్‌లైన్ 1098 నా ఫోన్లో ఎప్పటినుంచో ఉంది. అవసరమైతే చేస్తాను, అందులో మొహమాటం లేదు. ముందు మాత్రం వంటింట్లోకి వెళ్ళి చిన్న స్టీలు గిన్నె తీసుకుని, చెప్పులేసుకుని ఒక అంతస్తు దిగి బెల్ కొట్టాను.

లోపల చప్పుడు ఆగింది. ఆయనే తలుపు తీశాడు, చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. వెనకాల గుమ్మం చాటున బాబు.

"ఏం కావాలండీ?"

"పాలు చల్లారిపోతున్నాయి బాబూ. కొంచెం తోడు ఉంటే వేస్తారా?"

ఆయన నా గిన్నె వైపు, గడియారం వైపు చూసి లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. నేను గుమ్మంలోనే నిలబడి బాబుని ఏ క్లాసని అడిగాను. రెండు, అన్నాడు. ఏ స్కూలు, బెంచీలో పక్కనెవరు కూర్చుంటారు, ఎక్కాలు ఎంతవరకు వచ్చు, అన్నీ అడిగాను. ఆవిడ పెరుగు వెతకడానికి చాలాసేపు పట్టింది. నాకేం తొందర లేదు.