దినాలు అయ్యాక ఇల్లు ఖాళీ అవుతుంది, అప్పుడేం చెయ్యాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో మనిషి పోతే మొదటి పన్నెండు రోజులు ఏడవడానికి కూడా తీరికుండదు. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి వచ్చిన చుట్టాలు, పురోహితుడి జాబితా, వంటలు, పలకరింపుకొచ్చిన ప్రతివాళ్లకీ జరిగిందంతా మొదటి నుంచి చెప్పడం. పన్నెండో రోజు భోజనాలవగానే అందరూ రైలెక్కేస్తారు. మర్నాడు పొద్దున్న టీ గిన్నెలో చెయ్యి అలవాటుగా ఇద్దరికి సరిపడా నీళ్లు పోసేస్తుంది. అసలు కష్టం అక్కడ మొదలు.

అందుకే చుట్టాలు ఒకేసారి వచ్చి ఒకేసారి పోకుండా వంతులేసుకోవాలి. కనీసం మొదటి మాసికం దాకా ఒకరైనా ఉండాలి. ఉన్నవాళ్లు వంటిల్లంతా ఆక్రమించెయ్యకూడదు. కూర తరగడమో, మొక్కలకు నీళ్లు పొయ్యడమో ఇంట్లో మిగిలిన మనిషికే వదిలెయ్యాలి. ‘ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్యి పిన్నీ’ అంటే ఎవరూ చెయ్యరు. ‘మంగళవారం అన్నం, పప్పు తెస్తాను’ అనండి.

ఒంటి సంగతి ఎవరూ పట్టించుకోరు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, ఛాతీలో బరువు, పెట్టిన వస్తువు మర్చిపోవడం మొదటి వారాల్లో మామూలే. కానీ దగ్గరివాళ్లు పోయిన తొలి రోజుల్లో గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఛాతీ నొప్పిని ‘బెంగ’ అని వదిలెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ మాత్రలు మానకూడదు. ఇన్సులిన్ వేసుకునే కర్త ఒంటిపూట భోజనం చేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే ఏడుపు వల్ల అనుకుంటారు. డోసు సంగతి డాక్టర్ని ముందే అడగాలి, మధ్యలో పాలు, పళ్లు తీసుకునే వీలు పురోహితుణ్ణి అడగాలి. పక్కింటివాళ్ల నిద్రమాత్రలు వద్దు. మద్యం అసలే వద్దు, అది నిద్రను ఇంకా చెడగొడుతుంది.

దుఃఖం అయిదు మెట్లెక్కి దిగిపోతుందన్న మాట చాలామంది విన్నదే. మానసిక వైద్యురాలు కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఆ మెట్లు చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి రాసినవి, మిగిలిపోయినవాళ్లను చూసి కాదు. 1999లో స్ట్రోబ్, షూట్ అనే పరిశోధకులు చెప్పింది మన ఇళ్లకు దగ్గరగా ఉంటుంది: మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతుంటాడు, ఆ రెండూ అవసరమే. పొద్దున్న ఫొటో ముందు ఏడ్చిన మనిషి సాయంత్రం టీవీ చూసి నవ్వితే తప్పు పట్టకండి. ఒకవైపే ఉండిపోతేనే చిక్కు.

పనుల్లో ముందుది మరణ నమోదు. 21 రోజుల్లో చేస్తే రుసుం ఉండదు. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు. సరిహద్దు దాటి శ్రీకాకుళం ఆసుపత్రిలో పోతే కాగితం ఆంధ్రాలోనే పుడుతుంది, పర్లాకిమిడి మున్సిపాలిటీ చుట్టూ తిరిగితే దొరకదు. ఆసుపత్రి ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. తెలుగు ఇంటిపేరు ఒడియా కార్డుల్లో రకరకాలుగా ఉంటుంది, బ్యాంకు దగ్గర బండి అక్కడే ఆగుతుంది. పోయినవాళ్ల సిమ్ముకు కొన్నాళ్లు రీఛార్జి చేస్తూ ఉండండి, వాళ్ల గొంతున్న వాట్సాప్ మెసేజీలు వేరే ఫోన్లో దాచండి. ఏటీఎం కార్డు మాత్రం వాడకండి, తర్వాత వారసుల తగాదాలో మెడకు చుట్టుకుంటుంది.

పిల్లలకు ‘తాతయ్య నిద్రపోయాడు’ అని చెబితే రాత్రి పడుకోవడానికే భయపడతారు. చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేం లేదు అని చెప్పాలి. భర్త పోయినావిడ గాజులు, బొట్టు విషయంలో ఆమెనే అడగాలి. పెద్దలు నలుగురూ చుట్టూ కూర్చుని చేయించేదాన్ని ఆచారమనడం నాకు నచ్చదు.

ఆరు నెలలు దాటినా దుఃఖం రోజూ అదే ఉధృతితో ఉండి, స్నానం, వంట, పని ఏవీ సాగకపోతే వైద్యం అవసరం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. బజారులో ఒడియా గడగడా మాట్లాడే అమ్మకైనా ఇలాంటివి తెలుగులోనే వస్తాయి, కాబట్టి భాష ఎంచుకునేటప్పుడు తెలుగు అడగండి.

‘నేనూ ఆయన దగ్గరికే పోతాను’ అన్న మాట పదేపదే వస్తే ఆరు నెలలు ఆగక్కర్లేదు. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న పురుగుమందు, మిగిలిన మాత్రలు అప్పుడే బయటికి పంపించేయండి.