చూడటం కూడా పనే

జర్మనీలోని మాన్‌హైమ్‌లో నాకు ఇల్లు అద్దెకు ఇచ్చిన పెద్దాయన నా చేతిలో ఒకే తాళంచెవి పెట్టాడు. దాంతో వీధి తలుపు, నా ఫ్లాట్, సెల్లార్‌లో నా సామాన్ల గది మూడూ తెరుచుకుంటాయి. పక్కవాళ్ల తలుపు తెరుచుకోదు. పోగొడితే బిల్డింగ్ తాళాలన్నీ మార్చాల్సి రావచ్చు, జాగ్రత్త అన్నాడు.

నా ఉద్యోగమూ తాళంచెవులు చెయ్యడమే. కంపెనీలు లెక్కలు, జీతాలు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఏ దేశంవాళ్లు ఏ లెక్కలు చూడాలో రాస్తాను. ఒక పనికి కావాల్సిన అనుమతుల కట్టని రోల్ అంటాం. ఒక పనికి ఒక మాస్టర్ రోల్ చేసి, దాని నుంచి దేశానికొక రోల్ తీస్తాం. పని మారదు, ఏ దేశపు కంపెనీ లెక్కలో చెప్పే కంపెనీ కోడ్ మారుతుంది. 12 దేశాలు, 40 రకాల పనులు ఉన్నాయనుకుంటే 480 రోల్స్. వాటిని చేతితో ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోతే తప్పులు రాక మానవు. అందుకే మాస్టర్‌లో మార్చి కిందికి పంపుతాం.

ఇదంతా హైదరాబాద్‌లోనే నేర్చుకున్నాను. అక్కడ నేర్చుకోనిది వేరే ఉంది. సపోర్ట్‌లో ఉన్నప్పుడు ఎవరైనా యాక్సెస్ అడిగితే "03 ఇచ్చెయ్, చూడటమే కదా" అనేవాళ్లం. 03 అంటే డిస్‌ప్లే. మార్చలేరు కాబట్టి ప్రమాదం లేదని నిజంగానే నమ్మాను.

ఇక్కడ మొదటి డిజైన్ మీటింగ్‌కి ఉద్యోగుల మండలి తరఫున ఒకావిడ వచ్చింది. ఇన్‌వాయిస్ రిపోర్ట్ చూసి, "ఎవరు ఏ రోజు ఎన్ని ఎంటర్ చేశారో మేనేజర్‌కి పేర్లతో కనిపిస్తుందా?" అని అడిగింది. కనిపిస్తుంది. ఉద్యోగుల పనితీరును గమనించే వీలున్న ఏ సిస్టమ్‌కైనా ఆ మండలి ఒప్పుకోవాలని జర్మనీ చట్టం. ఆ కాలమ్ తీసేశాం. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టనందుకు చాలా బాధపడ్డాను.

తర్వాత టెస్టింగ్‌లో ఇంకొకటి దొరికింది. ఒక ఫైనాన్స్ రోల్‌కి డేటా టేబుల్స్ నేరుగా చూసే ఎస్‌ఈ16 అనే స్క్రీన్ ఇచ్చి ఉంది. అక్కడ మామూలుగా టేబుల్ చూడొచ్చా లేదా అన్నదే చెక్ అవుతుంది, ఏ దేశం వరసలన్నది కాదు. మేం కష్టపడి కట్టిన కంపెనీ కోడ్ గోడలు అక్కడ లేనట్టే. జీతాల టేబుల్ కూడా తెరుచుకుంది. సిస్టమ్ నిజంగా వాడకంలోకి వచ్చే గో-లైవ్‌కి ముందే దొరకడం మా అదృష్టం.

అన్నిటికంటే కష్టమైంది హైదరాబాద్ టీమ్ విషయం. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం యూరప్ సర్వర్‌లో ఉన్న ఉద్యోగి వివరాలను ఇండియా నుంచి స్క్రీన్ మీద చూసినా డేటాను బయటికి పంపినట్టే. కుదరదని కాదు, దానికి ఒప్పందాలు, కాపుదల కావాలి. జీతాల యాక్సెస్ తీసేస్తున్నామని చెప్పగానే నా పాత టీమ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా మీద నమ్మకం లేదా? నువ్వు కూర్చున్న సీటే కదా ఇది!"

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు అతనికి అంతా వివరంగా చెప్పాను. వాళ్లకి పేర్లు, జీతాలు మార్చేసిన టెస్ట్ సిస్టమ్ ఇచ్చాం. అత్యవసరానికి ఫైర్‌ఫైటర్ ఐడీ అనే ప్రత్యేక లాగిన్ పెట్టాం. గడువు పెట్టి ఇస్తాం, ఏం చేశారో లాగ్‌లో ఉంటుంది.

మొదటి నెలాఖరున పేరోల్ ఆగింది. హైదరాబాద్ వాళ్లు ఆ ఐడీతో వెళ్లి సరిచేశారు. ఉదయం లాగ్ మొత్తం చదివాను. తెరిచింది ఒకే ఒక్క ఉద్యోగి రికార్డు, తప్పు ఉన్నది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.