వెనక షెడ్డుకి కరెంటు లాగితే

షెడ్డులో కరెంటు కావాలంటే చాలామంది చేసే పని ఒకటే. ఇంట్లో ప్లగ్గుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, కిటికీలోంచి వైరు లాగేస్తారు. ఒక పూటకైతే సరే. అదే వైరు ఏళ్ల తరబడి ఎండకి బీటలు వారి, వానకి తడిసి, తలుపు కింద నలుగుతుంటే చూస్తేనే భయమేస్తుంది. నేను షెడ్డులో చెక్కపని చేస్తాను. కటింగ్ మిషను, గ్రైండరు, చిన్న కంప్రెసర్ ఉన్నాయి. అందుకే మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను వేయించాను.

"రెండున్నర వైరు చాలన్నా, లాగేది పదిహేను ఆంప్సే కదా" అన్నాడు ఎలక్ట్రీషియన్. చాలదన్నాను. వైరు వేడెక్కకుండా ఉండటం ఒక లెక్క, దూరం తినేసే వోల్టేజి ఇంకో లెక్క. బోర్డు నుంచి షెడ్డుకి 40 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి 80 మీటర్ల రాగి. 2.5 స్క్వేర్ ఎంఎం వైరుకి ఆ పొడవున రెసిస్టెన్స్ దాదాపు 0.6 ఓములు. 15 ఆంపియర్లు లాగితే 9 వోల్టులు దారిలోనే పోతాయి. 230లో 9 పోతే ఏమైందిలే అనిపిస్తుంది. కానీ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. అప్పుడు లైట్లు డిమ్మవుతాయి, కంప్రెసర్ మూలుగుతుంది, తిరగదు. 6 స్క్వేర్ ఎంఎం అయితే ఆ 9 కాస్తా 4 లోపుకి వస్తుంది. అదే వేయించాను.

నేలలోకి ఆర్మర్డ్ కేబులే, అంటే పైన ఇనుప కవచం ఉన్నది. రెండున్నర అడుగుల గాడి, అడుగున ఇసుక, కేబుల్ మీద మళ్లీ ఇసుక, ఆపైన ఇటుకలు, ఇంకాస్త పైన హెచ్చరిక టేపు. లోతు ఎంత ఉండాలనేది ఎక్కడి నిబంధనలు అక్కడివి, ముందే కనుక్కోవాలి. టేపు దండగ అనుకోకండి. రేపు మొక్క నాటడానికి గునపం వేసేవాడికి ముందు అది కనపడాలి. పూడ్చకముందు ఫొటోలు తీసి, గోడ నుంచి ఎంత దూరంలో పోతోందో రాసి బోర్డు తలుపుకి లోపల అంటించాను.

నాకు అసలు పట్టింపు ఎర్తింగ్ దగ్గరే. షెడ్డు పక్కన ఒక రాడ్డు దిగ్గొడితే పనైపోయిందనుకుంటారు. లెక్క వేసి చూడండి. ఆ రాడ్డు నేలతో 50 ఓములు చూపిస్తోందనుకుందాం. గ్రైండరు బాడీకి ఫేజు తగిలితే ఆ దారిన పారేది 230ని 50తో భాగిస్తే వచ్చేదే, అంటే 4.6 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చే ఎంసీబీ, 16 ఆంప్స్‌ది దానికి ఉలకదు, పలకదు. మిషను ఒంటి మీద కరెంటు అలాగే కూర్చుని మన చెయ్యి కోసం చూస్తుంటుంది. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. మనిషి కోసమైతే కరెంటు కాస్త లీకైనా వెంటనే పడిపోయి లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. దాన్ని షెడ్డు బోర్డులోనే పెట్టించాను. ఎర్త్ వైరు మెయిన్ బోర్డు నుంచి కేబుల్‌తో పాటే వచ్చింది. కేబుల్ ఇనుప కవచాన్ని కూడా చివర్న గ్లాండ్ (కేబుల్‌ని పట్టి ఉంచే లోహపు బిగింపు) బిగించి ఎర్త్‌కి కలిపారు.

షెడ్డు బోర్డులో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపనివ్వకండి. కలిపితే న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటులో కొంత ఎర్త్ వైరులో పారుతుంది. ఆర్‌సీసీబీ తర్వాత కలిస్తే అది ఊరికే పడిపోతుంటుంది. విసుగెత్తి దాన్నే బైపాస్ చేసేసే మహానుభావులున్నారు! పడుతోందంటే ఎక్కడో లీకుంది, వెతకాలి. మెయిన్ స్విచ్ కూడా ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్‌దే ఉండాలి.

గాడి పూడ్చకముందే మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగులో లీకుందేమో చూసే మీటరుతో, ఇన్సులేషన్ చూపించుకోండి, మట్టి కప్పాక లోపం బయటపడితే మళ్లీ తవ్వుకోవాలి. మెయిన్ బోర్డులో కలిపే పని లైసెన్సున్న మనిషిదే. తర్వాత అప్పుడప్పుడూ ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కుతుండండి. టక్కున పడాలి. పడకపోతే రిపేరు మాట ఎత్తకుండా కొత్తది వేయించి, అప్పటిదాకా షెడ్డులో మిషన్లు ముట్టుకోకండి.