గాలం, చందమామ, సినిమా చెట్టు

మా ముగ్గురిలో ఒకరి పిచ్చి మరొకరికి పట్టదు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర నుంచి గాలం పట్టుకుని కాలవగట్ల వెంట తిరిగే పెద్దమనిషి ఒకడు. దూరపు వరసలో నాకు బావ కావడం వల్ల మిగతా మిత్రులకు కూడా బావగారైపోయాడు. రెండో ఆయన లెక్కల మాస్టారు. పాత చందమామలు, బొమ్మల కథల పుస్తకాలు ఎక్కడ దొరికినా కొని, చిరుగులకు పల్చటి కాగితం అతికించి, బైండు చేయించి దాచుకుంటారు. మూడోవాణ్ని నేను. పాత తెలుగు సినిమాలు చూడటంతో ఊరుకోకుండా, ఏ సన్నివేశం ఏ ఊళ్లో తీశారో ఆరా తీసి, ఆ చోటికి పోయి కాసేపు నిలబడి వస్తే గాని నాకు తృప్తి ఉండదు. పాతికేళ్ల స్నేహంలో ఎవరి యాత్ర వారిదే తప్ప ముగ్గురం కలిసి తిరిగింది లేదు. 2024 కార్తీకంలో, వరదలు తీసి గోదావరి తేటపడిన తరువాత, ఒక్కరోజుకు ఆ ముచ్చట తీర్చుకుందామని రాజమహేంద్రవరంలో కలుసుకున్నాము.

ఒప్పందం సులువుగానే కుదిరింది. పొద్దున్న బావ గాలానికి, మధ్యాహ్నం పులిదిండికి, సాయంత్రం కుమారదేవంలోని సినిమా చెట్టుకు. మాస్టారు మాత్రం ఏ చోటూ కోరలేదు. చేతిసంచీలో అట్ట కట్టిన ఒక బరువైన పుస్తకం పెట్టుకుని, "నా ఊరు నా వెంటే ఉందండీ" అన్నారు.

ఊరు దాటేటప్పుడు నేను దుర్గా సినీటోన్ ప్రసక్తి తెచ్చాను. 1936లో నిడమర్తి సూరయ్యగారు ఇదే పట్నంలో ఆ స్టూడియో పెట్టారనీ, ఆంధ్రదేశంలో తొలి స్టూడియో అదేననీ మొదలుపెట్టేసరికి, "మరి అదిప్పుడు ఎక్కడుందోయ్?" అని బావ అడిగాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోవడంతో ఆ ప్రసంగం అక్కడితో ముగిసింది.

ధవళేశ్వరంలో బ్యారేజీ మీదకు ఎక్కేసరికి మంచు ఇంకా విడలేదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలకూ కలిపి 175 గేట్లు. మాస్టారు లెక్కల మనిషి కనుక గేట్లను లెక్కపెట్టడం మొదలుపెట్టి, మంచులో ఇరవయ్యోదాని దగ్గర ఆగిపోయారు. బావకు మాత్రం ఇది ఆనకట్ట కాదు, పులసకు పడిన అడ్డుకట్ట. వరద రోజుల్లో సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చే చేప, తీపినీటిలో ఈదిన కొద్దీ రుచి తేలి, చివరికి ఈ గోడ దగ్గరే ఆగిపోతుందని అతను చెప్పే తీరు వింటే, ఏదో కావ్యనాయిక కథ చెబుతున్నట్టు ఉంటుంది. పులస వలకు పడేదే గాని గాలానికి చిక్కేది కాదట. అందుకే అతనికి దానిమీద అంత గౌరవం కాబోలు.

ముళ్లపూడి వెంకటరమణ 1931లో పుట్టింది ఈ ధవళేశ్వరంలోనే. 1933లో నరసాపురంలో పుట్టిన బాపు, ఆయనా మద్రాసులో బడిపిల్లలుగా కలుసుకుని, పత్రికల్లో బొమ్మలూ రాతలుగా మొదలైన జోడీని సినిమా దాకా తీసుకుపోయారు. ఆ ఊరి వీధుల్లో కారు నెమ్మదిగా పోతుండగా, బొమ్మల పుస్తకాల మాస్టారికీ సినిమాల నాకూ మొదటిసారిగా ఒకే మనుషుల గురించి మాట్లాడుకునే వీలు చిక్కింది. వెనుక సీట్లో బావ ఎర్రల డబ్బా మూత తీసి చూసుకుంటున్నాడు. దాని వాసనకు మా సాహిత్య చర్చ ఎక్కువసేపు సాగలేదు.

బ్యారేజీ దగ్గర నీటి ఒరవడికి గాలం వేయడం తెలివైన పని కాదని, బొబ్బర్లంక దాటాక ఆత్రేయపురం వైపు పోయే దారిలో, కాలవ మలుపు తిరిగి నీళ్లు నెమ్మదించిన చోట బావ మమ్మల్ని దింపాడు. అతని దగ్గర చక్రాలు తిరిగే విదేశీ గెడలేవీ లేవు. ముదిరిన వెదురుగెడ, దాని కొసకు తంగూసు, మూరెడు కింద జీలుగుబెండు, సీసపుగుండు, చివర చిన్న కొక్కెం. అంతే సరంజామా. లోతు ఎంత ఉందో ముందు ఉత్త సీసంతో చూసి, బెండును రెండంగుళాలు పైకి జరిపి, ఎర్రను కొక్కేనికి పూర్తిగా కప్పకుండా తోక కదిలేట్టు వదిలి, ముంజేతితో ఒక్క ఊపు ఊపి గడ్డి మొదట్లోకి వేశాడు. నీటిలో పడిన చప్పుడు కూడా వినపడలేదు. తరువాత నా చేతికి ఒక గెడ ఇచ్చి, "బెండు వణికితే ఊరుకో, పక్కకి నడిస్తే ఊరుకో, మునిగితేనే లాగు" అన్నాడు. సినిమా హాల్లో మూడు గంటలు కదలకుండా కూర్చోగలవాణ్ని, ఆ బెండు ఎదుట పావుగంట కూర్చోలేకపోయాను. తెరమీద ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది కదా. ఇక్కడ ఏమీ జరగకపోవడాన్నే చూస్తూ కూర్చోవాలి.

మాస్టారు గట్టుమీద తుండు పరుచుకుని సంచీలోంచి పుస్తకం తీశారు. ఒక ఏడాది చందమామ సంచికలు పన్నెండూ కలిపి కుట్టించిన బైండు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికకు కొడవటిగంటి కుటుంబరావు చేతి చలవ ఉన్న రోజుల నాటిది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల రంగులు అరవై ఏళ్ల వాడికి పండగ బట్టల్లా ఎలా గుర్తుంటాయో, భుజాన శవం వేసుకుని కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుడిని శంకర్ గీసిన బొమ్మలో ఏ చెట్టుకొమ్మ ఎటు వంగి ఉంటుందో, ఆయన పుస్తకం చూడకుండానే చెప్పగలరు. కాని ఆ పూట మాకు చూపించింది ఆ బొమ్మలు కావు. ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ. అచ్చువేసిన రెండు ఫోటోలకూ జత కుదిరేట్టు పాఠకులు చిన్న చిన్న మాటలు రాసి పంపే శీర్షిక అది. ఆ ఫోటోల కింద, పుస్తకం తొలి యజమాని ఎవరో గాని, పెన్సిలుతో ఒక వ్యాఖ్య రాసి, కొట్టేసి, ఇంకోటి రాసి, దాన్నీ కొట్టేసి, మూడోదాని దగ్గర సగంలో ఆపేశాడు. రబ్బరుతో ఆ గీతలు చెరపవచ్చునని బైండరు అన్నాడట. "కథలు పది చోట్ల దొరుకుతాయండీ, ఈ కుర్రాడు మాత్రం ఈ ఒక్క పుస్తకంలోనే ఉన్నాడు" అని మాస్టారు ఆ పేజీని గాలికి కదలకుండా అరచేత్తో ఒత్తి పట్టుకున్నారు. పాతకాగితాలు పోగుచేయడం అని ఇన్నాళ్లూ నేను నవ్విన పని, అదిగో అప్పుడు కొంచెం తెలిసింది.

తరువాత ఒక బేతాళ కథ చదివి, చివరి ప్రశ్న దగ్గర ఆపి, "చెప్పండి బావగారూ, తెలిసీ చెప్పకపోయారో తల వెయ్యి చెక్కలవుతుంది" అన్నారు. అప్పటి దాకా నీటిమీద నుంచి చూపు తిప్పని బావ, జవాబు తెలిసిన ఉత్సాహంలో వెనక్కి తిరిగి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బెండు మునిగింది. లాగేసరికి ఉత్త కొక్కెం గాలిలో ఊగింది. విక్రమార్కుడికి మౌనభంగమైతే శవం చెట్టెక్కుతుంది, బావకైతే చేప గడ్డిలోకి పోతుందన్నమాట.

నా గెడకు మాత్రం ఒక జెల్ల పడింది. జానెడు కూడా లేదు. గర్వం కొద్దీ బావ వద్దంటున్నా వినక నేనే కొక్కెం తీయబోయాను. చెవుల పక్కన రంపపు పన్నులా నిలబడే ముల్లు బొటనవేలిలో దిగింది. నిప్పు పెట్టినట్టు మంట భుజం దాకా పాకింది. బావ ఫ్లాస్కు మూత తిప్పి, పొగలు కక్కే టీ గ్లాసులో పోసి, కొంచెం ఆగి, నా వేలు అందులో ముంచమన్నాడు. జెల్ల విషానికి వేడే విరుగుడట. నొప్పి అరగంటలో దిగింది కాని, టీ లేకుండా పోయినందుకు మాస్టారి ముఖం తేరుకోవడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. ఇంత చేసి ఆ జెల్లను, ఆ తరువాత తనకు పడిన రెండు పరిగెలనూ బావ మళ్లీ కాలవలోకే వదిలేశాడు. కార్తీకమాసం నీచు ముట్టడట. "ముట్టకూడదు గాని పట్టొచ్చునన్నమాట" అని మాస్టారు అంటే, "మీరు కొన్న పుస్తకాలన్నీ చదువుతున్నారా ఏంటండీ" అని బావ తిప్పికొట్టాడు.

ఆత్రేయపురంలో భోజనం చేసి, కాగితంకంటే పల్చటి పూతరేకులు కట్టించుకుని పులిదిండి చేరాము. బాపు మొదటి సినిమా, 1967లో వచ్చిన ‘సాక్షి’ తీసింది ఈ ఊళ్లోనే. కథా మాటలూ ముళ్లపూడివి. ఊళ్లో వాళ్లంతా భయపడి వెనక్కి తగ్గినా, కళ్లతో చూసిన హత్యకు సాక్ష్యం చెప్పిన బల్లకట్టు కిష్టయ్యగా కృష్ణ నటించారు. సెట్లూ స్టూడియోలూ రాజ్యమేలుతున్న రోజుల్లో ఒక పల్లెను పల్లెగానే తెరకెక్కించిన ధైర్యం ఆ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టం. బల్లకట్టు రేవు ఎక్కడని అడుగుతూ తిరిగితే, కొత్త డాబాల మధ్య నేను మనసులో దాచుకున్న ఫ్రేము ఒక్కటీ దొరకలేదు. గుడి అరుగుమీద కూర్చున్న ఒక ముసలాయన మాత్రం సంగతి విని, "మా అమ్మ ఉందండీ అందులో, జనంలో నిలబడి. బొమ్మ ఆడినన్నాళ్లూ అమ్మని చూడ్డానికి ఎన్నిసార్లు పోయానో" అన్నాడు. నేను సినిమా గురించి వేయదలచుకున్న ప్రశ్నలు ఆ తరువాత నోట రాలేదు.

వెనక్కి వచ్చి, విజ్జేశ్వరం మీదుగా కొవ్వూరు దాటి కుమారదేవం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఏటి గట్టున దాదాపు 150 ఏళ్లు బతికిన నిద్రగన్నేరు చెట్టు అది. దాని నీడన తీసినన్ని సినిమాలు మరో చెట్టు కింద తీసి ఉండరు. బాపు, విశ్వనాథ్, వంశీ వంటి దర్శకులకు అది ఇష్టమైన చోటు. 2024 ఆగస్టు వరదల్లో నేలకూలింది. తెరమీద గొడుగులా పరుచుకుని కనపడే కొమ్మలు ఇప్పుడు లేవు. మొదలు దగ్గర చీలిన కాండం మీద, కొత్తగా వచ్చిన చిగుళ్లు మాత్రం ఉన్నాయి. నేను ఫోటో తీయబోయి, ఏ కోణం నుంచి చూసినా గుర్తుపట్టలేక ఫోను జేబులో పెట్టేశాను. మాస్టారు చుట్టూ తిరిగి, పల్చటి కాగితం అతికించడానికి చిరుగు ఎక్కడుందో వెతుకుతున్నట్టు బెరడును తడిమారు.

బావ మాట్లాడకుండా ఒక చిగురు దగ్గర గొంతుక్కూర్చున్నాడు, కాలవగట్టున బెండు ఎదుట కూర్చున్నట్టే. చాలాసేపటికి చెయ్యెత్తి మమ్మల్ని కదలవద్దని సైగ చేశాడు. వెళ్లి చూస్తే, సందెవెలుగులో ఆ చిన్న చిగురు ఆకులు ఒకదానికొకటి ఎదురుగా వాలి, మెల్లమెల్లగా ముడుచుకుంటున్నాయి. మొదట కొసన ఉన్నవి, తరువాత మొదట్లోవి. చివరి జత కూడా మూసుకునే దాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాము.