ఫాక్‌లాండ్స్: తెల్ల శిలువలు, తెల్ల ఇసుక

దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ ద్వీపాల రాజధాని స్టాన్లీ, బ్రిటన్‌ను మించిన బ్రిటన్. ఎర్ర టెలిఫోన్ బూత్‌లు, రంగురంగుల రేకు కప్పులు, కిటికీల్లో యూనియన్ జాక్, 1982 యుద్ధం నాటి బ్రిటన్ ప్రధాని థాచర్ విగ్రహం, ఆమె పేరిట ఓ వీధి. లండన్ ఇక్కడికి పన్నెండు వేల కిలోమీటర్ల పైమాటే. ద్వీపాల నుంచి అర్జెంటీనా తీరం మాత్రం అయిదు వందలు కూడా ఉండదు.

వలసపాలన అనగానే మనకు తోచే కథ ఇక్కడ ఇమడదు. 1764లో ఫ్రెంచివారు దిగేనాటికి ఇక్కడ ఊరన్నదే లేదు. తరవాత స్పెయిన్, అర్జెంటీనా, 1833 నుంచి బ్రిటన్. అందరూ బయటినుంచి వచ్చినవారే! 2013 రెఫరెండంలో పోలైన 1,517 ఓట్లలో బ్రిటన్ వద్దన్నవి మూడే. ఆ ముగ్గురూ ఎవరని మా డ్రైవరును అడిగితే, "ఊరంతా అదే ఆరా" అని నవ్వాడు.

డార్విన్ అనే ఊరి దగ్గరి శ్మశానంలో ఆ నవ్వు నిలవలేదు. ఈ ద్వీపాల కోసం బ్రిటన్‌తో జరిగిన 1982 యుద్ధంలో చనిపోయిన అర్జెంటీనా సైనికుల తెల్ల శిలువలు, వాటికి చుట్టిన జపమాలలు గాలికి టకటకమంటున్నాయి. చాలా సమాధులపై ఏళ్ల తరబడి ఉన్నది ఒకటే రాత: దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు. శవాలను పంపిస్తామని బ్రిటన్ అంటే, వాళ్లు ఉన్నది స్వదేశంలోనే కదా అంది అర్జెంటీనా. ఆ పంతానికి మూల్యం కట్టింది తల్లులు. 2017లో రెడ్‌క్రాస్ డీఎన్‌ఏ పరీక్షలు మొదలుపెట్టాకే నూటికి పైగా పేర్లు తేలాయి. అప్పటికి ఎందరు తల్లులు మిగిలారో!

స్టాన్లీకి దగ్గరలోనే యార్క్ బే. పిండిలాంటి ఇసుక, దాని మీద పెంగ్విన్లు. బ్రిటిష్ సేన దిగకుండా అర్జెంటీనా సైన్యం ఇక్కడ మందుపాతరలు పాతింది. కంచె వేసి మనుషులను రానివ్వకపోయినా, పేలేంత బరువు లేని పెంగ్విన్లు మాత్రం హాయిగా తిరిగాయి. గాలికి ఇసుక దిబ్బలు కదిలిపోయి, ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోయింది.

2020 నవంబరులో ద్వీపాలన్నీ శుభ్రమయ్యాయని ప్రకటించారు. నేలను వెతికినవారిలో ఎక్కువమంది జింబాబ్వే వాళ్లు. వాళ్ల దేశానికి బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది 1980లో, ఈ యుద్ధానికి రెండేళ్ల ముందే. విముక్తి పోరాటం నాటి మందుపాతరలు వాళ్ల సొంత సరిహద్దుల్లో ఇంకా ఉన్నాయి. కొందరు పని ముగిశాక కుటుంబాలతో స్టాన్లీలోనే ఉండిపోయారు. ఈ నేల ఎవరిదన్న వాదనలో రెండు పక్షాలూ చరిత్ర పుస్తకాలు తెరుస్తాయి. నన్నడిగితే, దాన్ని జానెడు జానెడుగా తడిమి చూసినవాళ్లు వీళ్లే.