స్టాప్‌వాచ్ టైం పంపితే వచ్చిన జవాబు

నా 400 మీటర్ల టైం 57.4 సెకన్లు అని ఏడాదిపాటు అందరికీ చెప్పుకున్నాను. హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌లో మా పీఈటీ సార్ స్టాప్‌వాచ్‌తో తీసిన టైం అది. ఆటల స్కాలర్‌షిప్‌తో అమెరికాలో చదవాలని అక్కడి ఒక కాలేజీ కోచ్‌కు మెయిల్‌లో అదే రాశాను. మర్నాడు ఒక్క లైన్‌లో జవాబొచ్చింది: ఇది చేతి టైమా, ఎలక్ట్రానిక్ టైమా?

సార్‌ను అడిగాను. తుపాకీ పొగ కనబడ్డాక బటన్ నొక్కేలోపే కాస్త సమయం పోతుందని, అందుకే చేతి టైం అసలుకన్నా తక్కువ చూపిస్తుందని చెప్పారు. బాపు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తిలో గుమస్తా. ఆయనకు వెంటనే అర్థమైంది. "చేతితో ఎత్తి చూస్తే ఒక లెక్క, కాంటా మీద ఇంకో లెక్క. పైసలు కాంటా లెక్కకే ఇస్తరు బిడ్డా" అన్నాడు.

గచ్చిబౌలిలో జరిగిన మీట్‌లో కాంటా మీదికెక్కాను. ఎలక్ట్రానిక్ టైం 58.21. బస్సులో హన్మకొండ దాకా ఏడ్చాను. సార్ మాత్రం, "ఇది ఎవరూ కాదనలేని టైం, ఇదే పంపు" అన్నారు. పంపాను, పరుగు మొత్తం కనిపించే వీడియోతో సహా.

ఈ ఆశ నాకు 2021లో పుట్టింది. నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ మా జేఎన్ఎస్‌లోనే జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు కొట్టింది. నేను రోజూ ఉరికే ట్రాక్ మీదే! తర్వాత పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి అక్క 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. మన దేశపు హైజంపర్ తేజస్విన్ శంకర్ అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ హైజంప్‌లో ఎదిగాడని తెలిశాక, అలాంటి దారి ఒకటి ఉందని మొదటిసారి అర్థమైంది.

పరుగు కంటే కాగితాలే ఎక్కువ టెన్షన్ పెట్టాయి. అమెరికా కాలేజీల ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ; దాని కింద కాలేజీలు మూడు డివిజన్లు, అన్నిటికన్నా పైది డివిజన్ 1. అందులో ఆడాలంటే ఎన్‌సీఏఏ లెక్క ప్రకారం 16 ముఖ్య సబ్జెక్టులు ఉండాలి, వాటిలో సోషల్ కూడా ఉండాలి, గ్రేడ్ సగటు (4కి) 2.3 కన్నా తగ్గకూడదు. ఆ లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది. ఇంటర్‌లో నాది ఎంపీసీ, సోషల్ లేదు. కాబట్టి తొమ్మిది, పది తరగతుల సోషలే నాకు దిక్కు. మనం పదో తరగతి మెమో దాచుకుంటాం, తొమ్మిదిది ఎవరు దాచుకుంటారు? నేను చదివిన బడి మూతపడింది. పాత హెడ్మాస్టర్ ఇంటికి నాలుగుసార్లు తిరిగితే, రిజిస్టర్ వెతికి మార్కులు రాసి ముద్ర వేసిచ్చారు. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆ మెమో ఈ ఏడాదే తీసుకుని పెట్టుకోండి.

మధ్యలో ఒకాయన ఇంటికొచ్చి, స్కాలర్‌షిప్ గ్యారంటీ అని, వచ్చినదాంట్లో తనకు ఇంత శాతం ఇవ్వాలని అన్నాడు. బాపు దాదాపు ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఎన్‌సీఏఏ నిబంధనలు చదివాను. స్కాలర్‌షిప్ మొత్తాన్ని బట్టి ఎవరికైనా ఫీజు ఇస్తే నా అర్హతకే ముప్పు. పొద్దున్నే బాపుకు ఫోన్‌లో చూపించాను.

మొత్తం 41 మంది కోచ్‌లకు రాశాను. తొమ్మిది మంది జవాబిచ్చారు. ఒక పెద్ద యూనివర్సిటీ కోచ్, 2025 నుంచి జట్టులో మనుషుల సంఖ్యకు పరిమితి వచ్చిందని, తన దగ్గర చోటు లేదని మర్యాదగా రాసింది. డివిజన్ 3 కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు, చదువుకు ఇస్తాయి. అది తెలియక కొన్ని వారాలు పోగొట్టుకున్నాను.

పోయిన వారం డివిజన్ 2 కోచ్ ఒకాయన రాత్రి తొమ్మిదిన్నరకు వీడియో కాల్ చేశారు. పతకాల గురించి ఒక్క మాట అడగలేదు. ఏడాదిలో ఎంత తగ్గించావు, వారానికి ఎన్ని రోజులు ఉరుకుతావు, చివరి వంద మీటర్లలో ఎందుకు భుజాలు బిగిస్తున్నావు అని అడిగారు. వీడియో అంత శ్రద్ధగా చూశారు! ఇవ్వగలిగింది సగం ఫీజేనని, ఎలక్ట్రానిక్ టైం 57 లోపు వస్తే ఇంకొంత అడిగి చూస్తానని చెప్పారు.

మిగిలిన సగం ఎంతో బాపు అడ్తి చీటీ వెనక వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ చీటీని మడిచి నా మెమోల ఫైల్‌లో పెట్టి, "పొద్దున ఐదింటికి లేపాల్నా?" అని అడిగాడు.

నాలుగున్నరకే లేపమన్నాను.